డికాక్షన్ బొట్టు చెప్పే సంగతులు
(ఇంట్లో ఫిల్టర్ కాఫీ పెట్టుకోవడంపై ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు నీళ్ళు పోసేసి ఆ తర్వాత మాట్లాడతాను. లేకపోతే ప్రసంగం అయిపోతుంది గానీ కాఫీ రాదు. (నవ్వులు)

ఈ బల్ల మీద రెండు స్టీలు ఫిల్టర్లున్నాయి. రెండూ ఒకటే సైజు. రెండింట్లోనూ 30 గ్రాముల పొడి ఉంది. గింజలు అవే, అందులో కలిపిన చికోరీ వేరు పొడి శాతం అదే. ఎడమ చేతి వైపు ఫిల్టర్లో పొడి సన్న ఉప్పు మాదిరిగా ఆడించినది, తేలిగ్గా సర్ది వదిలేశాం. కుడి చేతి వైపు దాంట్లో మైదాలాగా మెత్తగా పట్టించినది, పైగా దాన్ని గరిటె వెనకతో అదిమి పెట్టాం. ఇప్పుడే మరిగిన నీళ్ళు ఒక్కోదాంట్లో 150 మిల్లీలీటర్లు పోస్తున్నాను. మూతలు పెట్టేశాను. ముందు వరసలో వాళ్ళెవరైనా టైము చూస్తూ ఉండండి.

ఇంట్లో కాఫీ కుదరకపోతే మొదటి నింద పొడి మీదే పడుతుంది. షాపు మారుస్తాం, బ్రాండు మారుస్తాం, కిలోకి ఇంకో రెండు వందలు ఎక్కువ పెట్టి కొంటాం. నెల తిరిగేసరికి మళ్ళీ అదే గొడవ. చాలా ఇళ్ళల్లో లోపం పొడిలో ఉండదు. ఆ పొడిలోంచి నీళ్ళు ఎంతసేపట్లో దిగాయి, ఎన్ని దిగాయి అన్నచోట ఉంటుంది. అది తెలుసుకోవడానికి ఒక గడియారం, వంటింటి తూకం, పైగిన్నె కాస్త ఎత్తి బొట్టు ఎలా పడుతోందో చూసే ఓపిక ఉంటే చాలు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ బొట్టు చుట్టూనే తిరుగుతుంది.

వేయించిన కాఫీ గింజ బరువులో నీళ్ళకి కరిగే భాగం సుమారు 30 శాతం. మిగతాదాంట్లో ఎక్కువ భాగం పీచు. ఎంత మరిగించినా కరగదు. ఆ 30లో కూడా మనకి రుచినిచ్చేది 18 నుంచి 22 వరకే. వేడి నీళ్ళు తగలగానే ముందు దిగేవి పులుపు, సువాసన. వాటి వెనక తీపి, చిక్కదనం. ఆఖరున దిగేవి చేదు, వగరు. నీళ్ళు గబగబా జారిపోతే మొదటి విడతే దిగుతుంది కాబట్టి కాఫీ పల్చగా, కాస్త పుల్లగా ఉంటుంది. గంటసేపు అక్కడే నానితే ఆఖరి విడత కూడా దిగి నాలుక పట్టేసినట్టు ఉంటుంది. మనం ‘స్ట్రాంగ్ కాఫీ’ అని మెచ్చుకునేది చాలాసార్లు ఈ చేదునే. చిక్కదనం వేరు, చేదు వేరు. చిక్కగా కావాలంటే పొడి ఎక్కువ వెయ్యాలి. ఉన్న పొడినే పిండితే వచ్చేది చేదు.

కొలతలు చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. కప్పుకి 10 గ్రాముల పొడి. పొడికి ఐదు రెట్లు నీళ్ళు. అంటే ముగ్గురికి 30 గ్రాములు, 150 మిల్లీలీటర్లు. పొడి తన బరువుకి దాదాపు రెట్టింపు నీళ్ళు తాగేసి తనలోనే ఉంచుకుంటుంది. అలా 60 మిల్లీలీటర్లు పైనే ఉండిపోతాయి, కిందికి వచ్చేది 90. కప్పుకి 30 మిల్లీలీటర్ల డికాక్షన్, 90 నుంచి 100 మిల్లీలీటర్ల పాలు. పోసినన్ని నీళ్ళు కిందికి రాలేదని మళ్ళీ పైన నీళ్ళు పోసేవాళ్ళున్నారు. కొలత అక్కడే చెడుతుంది.

తూకం ఎందుకంటే, టేబుల్ స్పూనుతో పొడిని తలగొట్టి కొలిస్తే 5 గ్రాములు వస్తుంది. అదే స్పూను గోపురంలా తీస్తే 7 దాటుతుంది. అంటే ఒకే మనిషి, ఒకే స్పూనుతో, సోమవారం ఒక కాఫీ, మంగళవారం ఇంకో కాఫీ పెడుతున్నట్టు. అత్తగారి కాఫీ బాగుంటుంది, కోడలి కాఫీ బాగుండదు అనే తగాదాల్లో సగం ఈ రెండు గ్రాముల తగాదాలే. (నవ్వులు)

ఇక పొడి వేసే పద్ధతి. ఫిల్టర్ పైగిన్నె పొడిగా ఉండాలి. తడిగా ఉంటే అడుగున పొడి ముద్ద కట్టి చిల్లులు మూసుకుంటాయి. పొడి వేశాక గిన్నెని పక్కల రెండు మూడుసార్లు వేలితో తట్టండి, మట్టంగా సర్దుకుంటుంది. తర్వాత ఆ గొడుగులాంటి చిల్లుల బిళ్ళ పెట్టి, కాడ పట్టుకుని దాని బరువు మేరకే ఆనించండి. దోసెపిండి మీద మూత పెట్టినంత తేలిగ్గా ఉండాలి. ఆ బిళ్ళ పని పొడిని అదమడం కాదు. పైనుంచి పడే నీళ్ళు పొడిలో గుంట చెయ్యకుండా చూడడం. బిళ్ళ పెట్టకుండా పోస్తే నీళ్ళు ఒక పక్క కాలువ చేసుకుని అందులోంచే దిగిపోతాయి. ఆ కాలువ పక్కన పొడి మాడినట్టు చేదు ఇస్తుంది, మిగతా పొడి అసలు తడవనే తడవదు. అయిపోయాక పిప్పి తీసి చూడండి. మధ్యలో ఇంకా పొడిపొడిగా ఉంటే జరిగింది అదే.

ఇందాక నేను ఒకేసారి పోసేశాను గానీ, ఇంట్లో మొదట 40 మిల్లీలీటర్లు మాత్రం పోసి ఒక నిమిషం ఆగండి. పొడి నానుతుంది, ఉబ్బుతుంది. తాజాగా వేయించిన గింజల్లో బొగ్గుపులుసు వాయువు నిలవ ఉంటుంది. నీళ్ళు తగిలితే అది బుడగలుగా పైకి వచ్చి నీళ్ళని లోపలికి పోనివ్వదు. ఆ నిమిషంలో అది వెళ్ళిపోతుంది. తర్వాత మిగతా 110 మిల్లీలీటర్లు బిళ్ళ మీదుగా గుండ్రంగా పోసి మూత పెట్టెయ్యాలి. వేయించిన రోజే పొడి కొట్టించుకుని అదే సాయంత్రం ఫిల్టర్ వేస్తే డికాక్షన్ సరిగా దిగకపోవడానికి కారణం కూడా ఇదే. మూడు నాలుగు రోజులు ఆగితే గింజ కుదురుకుంటుంది.

టైము ఎంతయింది? ఏడు నిమిషాలా? చూద్దాం. ఎడమ వైపుది... ఇదిగో, వాన వెలిశాక చూరు కారినట్టు బొట్లు బొట్లుగా పడుతోంది. ఇలాగే ఉండాలి. మొదటి బొట్టు నిమిషం, నిమిషంన్నరలో కనిపించాలి, మొత్తం 15 నుంచి 20 నిమిషాల్లో పూర్తవ్వాలి. ధారగా కారి ఐదు నిమిషాల్లో అయిపోతే పొడి బరకగా ఉన్నట్టు, లేదా ఫిల్టర్‌కి పొడి చాలనట్టు. కుడి వైపుది చూడండి, రెండు చెంచాలు కూడా రాలేదు. అరగంట దాటినా ఇంతే ఉంటుంది.

ఇలా నిలిచిపోయినప్పుడు ఏం చెయ్యాలి? పైగిన్నె కాస్త ఎత్తి మళ్ళీ పెట్టండి. చాలా ఫిల్టర్లలో పైగిన్నె కిందిగిన్నెలో గట్టిగా బిగుసుకుని కూర్చుంటుంది. కింద ఉన్న వేడి గాలి వెళ్ళడానికి దారి ఉండదు. గాలి బయటికి పోతే కదా ఆ చోటులోకి డికాక్షన్ దిగేది! ఎత్తగానే బుస్సుమని గాలి పోయి బొట్లు మొదలైతే తప్పు పొడిది కాదు, బిగింపుది. అలాంటి ఫిల్టర్‌కి పైగిన్నె పూర్తిగా నొక్కకుండా కాస్త వదులుగా కూర్చోబెట్టండి. ఎత్తినా కదలకపోతే బిళ్ళ తీసి స్పూను కాడతో పై పొర మాత్రం మెల్లగా కదపండి, అడుగుదాకా గుచ్చొద్దు. గుచ్చితే మెత్తటి పొడి చిల్లుల్లోంచి కిందికి దిగి కప్పులో మడ్డి కనిపిస్తుంది. ఫిల్టర్‌ని బల్లకేసి కొట్టడం, నోటితో ఊదడం మాత్రం వద్దు. కొట్టిన కొద్దీ పొడి ఇంకా గట్టిపడుతుంది.

ఫిల్టర్ సైజు మాట కూడా ఇక్కడే చెప్పాలి. పొడి పైగిన్నెలో మూడో వంతు నుంచి సగం దాకా రావాలి. ఇద్దరే ఉన్న ఇంట్లో పెళ్ళికి వచ్చిన ఎనిమిది కప్పుల ఫిల్టర్ వాడితే 20 గ్రాముల పొడి అడుగున పల్చటి పొరగా పరుచుకుంటుంది. నీళ్ళు దాన్ని దాటడానికి నిమిషం కూడా పట్టదు. కాఫీ ఎప్పుడూ నీళ్ళగా వస్తోందనే ఇళ్ళల్లో నేను మొదట అడిగేది ఫిల్టర్ ఎంతది అనే. రోజూ వాడుకోవడానికి చిన్నది ఒకటి, చుట్టాలొస్తే పెద్దది ఒకటి పెట్టుకోండి. ఇత్తడిదా స్టీలుదా అన్నదాంట్లో రుచికి తేడా లేదు. ఇత్తడిది కొంటే లోపల కళాయి ఉందో లేదో చూసుకోండి. డికాక్షన్‌లో పులుపు ఉంటుంది, ఒట్టి ఇత్తడిలో గంటలతరబడి ఉంచకూడదు.

చిల్లులు. ఫిల్టర్‌ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి. కొన్నప్పుడు నక్షత్రాల్లా కనిపించిన చిల్లుల్లో సగం మూసుకుపోయి ఉంటాయి. కాఫీలో నూనె ఉంది, అది పేరుకుని ముక్కిపోయిన వాసన ఇస్తుంది కూడా. రోజూ పిప్పి పారేశాక వేడినీళ్ళతో తిరగేసి కడగండి. నెలకోసారి స్టీలు పైగిన్నెని ఖాళీగా సన్నమంట మీద ఒక నిమిషం ఉంచితే చిల్లుల్లో ఇరుక్కున్న పొడి కాలి బూడిదవుతుంది, చల్లారాక బ్రష్షుతో రుద్దితే పోతుంది. పిడి ప్లాస్టిక్‌ది ఉంటే ఈ పని చెయ్యకండి. కళాయి ఇత్తడిదైతే అసలే వద్దు, కళాయి కరిగిపోతుంది. దానికి వేడినీళ్ళూ సన్న సూదీ చాలు.

ఇప్పుడు పొడి దగ్గరికి వద్దాం. మన దేశంలో కాఫీలో సుమారు 70 శాతం కర్ణాటకది, పండే మొత్తంలో రోబస్టా అనే జాతిదే పెద్ద వాటా. అరబికా అనే రెండో జాతికి సువాసన, పులుపు ఎక్కువ. కెఫీన్ 1.2 శాతం దాకా ఉంటుంది. రోబస్టాలో కెఫీన్ దానికి దాదాపు రెట్టింపు. చేదు, చిక్కదనం, నురగ అందులో ఎక్కువ. కాఫీ పొడి షాపులో ‘ప్లాంటేషన్ ఏ’ అని రాసి ఉంటే అది పండు గుజ్జు తీసి, కడిగి ఎండబెట్టిన అరబికా, గింజ పెద్దది. ‘చెర్రీ’ అంటే పండు పండుగానే ఎండబెట్టి ఒలిచింది. పీబెర్రీ అంటే పండులో రెండు గింజలు ఉండాల్సిన చోట ఒకటే గుండ్రంగా తయారైంది. అదేదో వేరే జాతి అనుకుని ఎక్కువ డబ్బు పెడతారు. జాతి అదే, ఆకారం వేరు. గుండ్రంగా ఉంది కాబట్టి వేయించేటప్పుడు సమంగా దొర్లుతుంది, అంతవరకే.

పాలు పోసి తాగే కాఫీకి నా లెక్క: అరబికా రెండు వంతులు, రోబస్టా ఒక వంతు, మొత్తం మీద చికోరీ 15 నుంచి 20 శాతం. ఒట్టి అరబికా అయితే చిక్కటి పాలల్లో దాని సువాసన అణిగిపోతుంది. మన అరకు గింజలతో చాలామందికి నిరాశ కలిగేది అందుకే. అవి అరబికా గింజలు. ఆంధ్ర వైపు తూర్పు కనుమల్లో మొదట 1898లో పాములేరు లోయలో కాఫీ వేశారు. ఇప్పుడు అరకు, పాడేరు, చింతపల్లి వైపు గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పెంచుతున్నారు, ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తారు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచి గింజ తెచ్చి, నల్లగా మాడ్చి, 40 శాతం చికోరీ కలిపి, గేదె పాలు పోసి ‘ఏముంది ఇందులో, మామూలు కాఫీయే’ అంటే గింజ ఏం చేస్తుంది పాపం! దాన్ని మధ్యస్థంగా వేయించి, పాలు లేకుండా తాగి చూడాలి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

చికోరీ అంటే ఒక మొక్క వేరు. గుజరాత్‌లోనూ ఉత్తరప్రదేశ్‌లోనూ పండిస్తారు. వేరుని ముక్కలు కోసి, ఎండబెట్టి, వేయించి పొడి చేస్తారు. అందులో కెఫీన్ ఉండదు. అది కల్తీ అనుకోనవసరం లేదు, ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాసి తీరాలి. చట్టప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంటే 49 దాకా చికోరీయే ఉండొచ్చు! ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవకుండా కొనేవాళ్ళు కాఫీ ధర పెట్టి వేరు కొంటున్నారు. 53:47 అని కనిపిస్తే మొదటి అంకె కాఫీ, రెండోది చికోరీ.

చికోరీ చేసే మేలు కూడా ఉంది. దాంట్లో నీళ్ళకి కరిగేది కాఫీలో కన్నా చాలా ఎక్కువ కాబట్టి డికాక్షన్‌కి రంగు, జిగి వస్తాయి. తడిస్తే మెత్తబడి నీళ్ళ నడకని తగ్గిస్తుంది కూడా. అందుకే ఒట్టి కాఫీ పొడికి మారినవాళ్ళు డికాక్షన్ తొందరగా దిగిపోతోందని కంగారు పడతారు. అప్పుడు పొడి కొంచెం సన్నగా పట్టించుకోవాలి. చికోరీ 30 దాటితే మాత్రం కప్పులో కాఫీ వాసన కన్నా మాడిన బెల్లం వాసన ముందుంటుంది.

గ్లాసులో చల్లటి నీళ్ళు తెప్పించాను, చూడండి. ఇది చికోరీ లేని పొడి, చిటికెడు నీళ్ళ మీద చల్లుతున్నాను. తేలుతోంది కదా. ఇది చికోరీ కలిపింది. కొన్ని క్షణాలు ఆగండి. అదిగో, గోధుమరంగు చారలు వదులుతూ కిందికి దిగుతోంది. కాఫీలో నూనె ఉంది కాబట్టి తేలుతుంది, చికోరీ నీళ్ళు పీల్చుకుని మునుగుతుంది. ‘ప్యూర్’ అని చెప్పి అమ్మిన పొడిని ఇంట్లో ఇలా చూసుకోవచ్చు.

పొడి ఎంత సన్నం? ఉప్మా రవ్వ కన్నా సన్నగా, మైదా కన్నా బరకగా. రెండు వేళ్ళ మధ్య నలిపితే సన్న ఉప్పులా తగలాలి. ఇంట్లో మిక్సీలో కొట్టుకునేవాళ్ళు ఒక్కసారిగా నిమిషం తిప్పొద్దు. జార్ వేడెక్కి వాసన అక్కడే పోతుంది, అడుగున పిండి, పైన రవ్వ తయారవుతుంది. మూడేసి సెకన్లు తిప్పుతూ, మధ్యలో జార్ కుదుపుతూ ఏడెనిమిదిసార్లు చెయ్యండి. గింజలు కొని పెట్టుకునే అలవాటు స్థిరపడితే చేత్తో తిప్పే బర్ గ్రైండర్, అంటే రెండు పళ్ళ చక్రాల మధ్య గింజని నలిపేది, ఒకటి కొనుక్కోవచ్చు. కాఫీ మీద పెట్టే ఖర్చుల్లో నాకు న్యాయంగా తోచేది అదొక్కటే.

నిలవ సంగతి క్లుప్తంగా. గింజలు నెల, పొడి రెండు వారాలు. ప్యాక్ చేసిన తేదీ కాదు, వేయించిన తేదీ అడగండి. గాలి చొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టండి. ఇంగువ, సాంబారు కారం ఉన్న అరలో పెడితే నాలుగు రోజుల్లో కాఫీకి ఆ వాసన పడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీసి మూత తెరిస్తే చల్లటి పొడి మీద గాలిలో తేమ చేరుతుంది. అంతకన్నా బయటే నయం.

నీళ్ళు. నీళ్ళు మరిగాక ఒక నిమిషం చల్లార్చి పొయ్యాలని అంటారు. ఫిల్టర్ కాఫీకి అంత అక్కర్లేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీలకే మరుగుతాయి. చల్లటి స్టీలు గిన్నెలో పడగానే ఇంకాస్త వేడి తగ్గుతుంది. దించిన వెంటనే పోసినా పొడికి తగిలేసరికి మనకి కావలసిన 90, 95 మధ్యకి వస్తాయి. బాగా నల్లగా వేయించిన పొడి అయితే మాత్రం అర నిమిషం ఆగండి. బోరు నీళ్ళు బాగా గట్టివైతే అందులోని లవణాలు కాఫీ పులుపుని చంపేస్తాయి, రుచి చప్పబడి సుద్ద తాగినట్టు ఉంటుంది. ఆర్వో నీళ్ళు మరీ తేలికైతే, టీడీఎస్, అంటే నీళ్ళల్లో కరిగి ఉన్న లవణాల లెక్క, 50 లోపు ఉంటే, కాఫీ బోలుగా, పుల్లగా వస్తుంది. 75 నుంచి 150 మధ్య బాగుంటుంది. ఆర్వో మిషన్‌లో టీడీఎస్ సర్దే మర ఉంటే కొంచెం పెంచుకోండి, లేకపోతే మునిసిపాలిటీ నీళ్ళు కాచి కొంత కలపండి.

డికాక్షన్ దిగింది. ఇక దాన్ని పొయ్యి మీద పెట్టొద్దు. నేరుగా మరిగిస్తే సువాసన గదిలోకి పోతుంది, చేదు గిన్నెలో మిగులుతుంది. చల్లారిపోతే డికాక్షన్ గిన్నెని వేడినీళ్ళ గిన్నెలో ఐదు నిమిషాలు ఉంచండి. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి రెండో డికాక్షన్ తీసే అలవాటు కొన్ని ఇళ్ళల్లో ఉంది. మంచి సరుకంతా మొదటిసారే దిగిపోయింది, రెండోసారి వచ్చేది ఆ ఆఖరి విడత చేదే. దాన్ని మొదటిదాంట్లో కలిపితే మొదటిది కూడా చెడుతుంది. పొదుపు చెయ్యాలంటే పొడి ఒక గ్రాము తగ్గించుకోండి, అది మేలు.

పాల ప్యాకెట్ల మీద ఉన్న అంకెలు చూద్దాం. ఫుల్ క్రీమ్ అంటే కొవ్వు కనీసం 6 శాతం. స్టాండర్డైజ్డ్ అంటే 4.5, టోన్డ్ అంటే 3, డబుల్ టోన్డ్ అంటే 1.5. పాలల్లోని కేసిన్ అనే ప్రొటీను కాఫీ వగరుని పట్టేసుకుంటుంది, కొవ్వు చేదు అంచుల్ని గుండ్రంగా చేస్తుంది. పాల కాఫీ నాలుకకి మెత్తగా తగిలేది అందుకే. ఆరోగ్యం కోసం టోన్డ్ పాలు వాడేవాళ్ళు నీళ్ళు చుక్క కూడా కలపకండి, పాల కొలత కూడా 80కి తగ్గించండి. పాలు ఒక్క పొంగు రానిచ్చి దించాలి. పొద్దున కాచిన పాలనే మధ్యాహ్నం, సాయంత్రం మళ్ళీ మళ్ళీ మరిగిస్తే ఉడుకు వాసన వస్తుంది, ఏ డికాక్షనూ దాన్ని కప్పలేదు. ఆ పూటకి కావలసిన పాలే వేడి చేసుకోండి. గ్లాసు వేడినీళ్ళతో తొలిచి, పంచదార వేసి, డికాక్షన్ పోసి, పైన పాలు. రెండు మూడుసార్లు ఎత్తునుంచి తిరగ్గొడితే నురగ వస్తుంది, పంచదార కరుగుతుంది, నోరు కాలని వేడికి వస్తుంది. ఆరేడుసార్లు తిరగ్గొడితే విన్యాసం బాగుంటుంది గానీ కాఫీ చల్లారిపోతుంది.

అడగాలనుకున్నవి అడగండి, ఈలోగా డికాక్షన్ పూర్తవుతుంది.

ఒక శ్రోత: బెల్లం కాఫీ పెడితే పాలు విరిగిపోతున్నాయండీ.

బెల్లంలో పులుపు, లవణాలు ఉంటాయి. పాలతో కలిపి మరిగిస్తే విరుగుతాయి. గ్లాసులో బెల్లం పొడి, డికాక్షన్ వేసి ముందు కరిగించండి. పాలు కాచి, పొయ్యి మీంచి దించి, రెండు నిమిషాలు ఆగి పొయ్యండి. ఆ తర్వాత మళ్ళీ వేడి చెయ్యొద్దు. బెల్లం లేకుండా విరిగితే పాలు అప్పటికే పులుపు తిరిగి ఉండాలి. కాచినప్పుడు నిలబడ్డ పాలు కూడా డికాక్షన్‌లోని పులుపు తోడయ్యేసరికి విరుగుతాయి. లేతగా వేయించిన అరబికాతో ఇది ఎక్కువ.

ఒక శ్రోత: రాత్రే ఫిల్టర్ వేసి పొద్దున వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, వాసన కొంత తగ్గుతుంది. కాకపోతే డికాక్షన్ దిగాక పైగిన్నె తీసేసి, కిందిగిన్నెకి మూత పెట్టి పడుకోండి. రాత్రంతా పైన పిప్పి ఉంటే చేదు బొట్లు తెల్లారేదాకా పడుతూనే ఉంటాయి. వేసవిలో అయితే ఫ్రిజ్‌లో పెట్టండి. ఒక రోజు దాటనివ్వకండి.

ఒక శ్రోత: హైవే మీద అన్నీ ‘డిగ్రీ కాఫీ’ బోర్డులే. ఆ డిగ్రీ ఏమిటి?

(నవ్వులు) తమిళనాడులోని కుంభకోణం ఊరి నుంచి వచ్చిన పేరు. పాల చిక్కదనం చూసే లాక్టోమీటర్ అంకెని డిగ్రీ అనేవారని, నీళ్ళు కలవని పాలతో చేసింది డిగ్రీ కాఫీ అని ఎక్కువమంది చెప్పే మాట. మొదటి డికాక్షన్‌తో చేసింది అనేవాళ్ళూ ఉన్నారు. లాక్టోమీటర్‌ని కూడా పూర్తిగా నమ్మడానికి లేదండోయ్. నీళ్ళు కలిపితే అంకె తగ్గుతుంది, మీగడ తీసేస్తే అంకె పెరుగుతుంది. మీగడ తీసి నీళ్ళు కలిపిన పాలకి మంచి డిగ్రీయే రావచ్చు.

ఒక శ్రోత: పాలు లేకుండా తాగాలంటే ఈ డికాక్షన్‌లోనే వేడినీళ్ళు కలుపుకోవచ్చా?

కలుపుకోవచ్చు గానీ చికోరీ ఉంటే కషాయంలా ఉంటుంది. ఇందాక అరకు గింజల మాట తర్వాత చెబుతానన్నాను కదా, దానికి ఇదే చోటు. మధ్యస్థంగా వేయించిన ఒట్టి అరబికా 15 గ్రాములు, పంచదార పలుకంత బరకగా. గరాటులాంటి డ్రిప్పర్లో పేపర్ ఫిల్టర్ పెట్టి, ముందు ఒట్టి వేడినీళ్ళతో తడిపి ఆ నీళ్ళు పారబొయ్యండి, కాగితం వాసన పోతుంది. పొడి వేసి 40 మిల్లీలీటర్లు పోసి అర నిమిషం ఆగండి. తర్వాత మెల్లగా మొత్తం 240 దాకా పొయ్యండి. మూడు నిమిషాల్లో దిగిపోవాలి. రెండు నిమిషాలకే దిగి పుల్లగా ఉంటే పొడి ఇంకాస్త సన్నగా, నాలుగు నిమిషాలు దాటి చేదుగా ఉంటే బరకగా. ఒకసారికి ఒక్కటే మార్చండి. పొడీ నీళ్ళూ రెండూ మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

ఒక శ్రోత: రోజుకి ఎన్ని కప్పులు తాగొచ్చు?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కెఫీన్ రోజుకి 300 మిల్లీగ్రాములు దాటొద్దని ఉంది. 150 మిల్లీలీటర్ల కాచిన కాఫీ కప్పులో 80 నుంచి 120 ఉంటుందని వాళ్ళ లెక్క. అంటే రెండు, మహా అయితే మూడు. టీ తాగితే అదీ ఇందులోకే వస్తుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత తాగొద్దని కూడా చెప్పారు, తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డం పడుతుందని. టిఫిను ప్లేటు పక్కనే కాఫీ గ్లాసు పెట్టుకునే మనకి అదే కష్టమైన షరతు.

ఎంతయింది టైము? ఇందాకటి నుంచి లెక్కపెడితే ఎడమ వైపుది ఎప్పుడో పూర్తయింది. కొలగ్లాసులో పోస్తున్నాను... 88. అనుకున్న 90కి రెండు తక్కువ. కుడి వైపుది ఇంత సేపట్లో 35 దిగింది, ఇంకా పైన నీళ్ళు నిలబడే ఉన్నాయి. రెండిట్లోనూ తలా ఒక చెంచా పాలు లేకుండా నాలుక మీద వేసుకోండి, ముందు ఎడమది, తర్వాత కుడిది. కుడిది వేసుకున్నాక నాలుక పక్కలు పట్టేసినట్టు ఉంటుంది, అదే వగరు. పాలు అటు పొయ్యి మీద పొంగుకి వస్తున్నాయి. పంచదార వద్దనేవాళ్ళు ఇప్పుడే చెప్పండి, తిరగ్గొట్టాక చెబితే తియ్యలేను.